ద్రవముల సాంద్రత – మన రెండు విధముల బావులు

కోనసీమలో బావి యనగానే మనకు మంచినీటి బావియే తోచును. అప్పనపల్లి, పాశర్లపూడి, నగరము గ్రామముల విద్యార్థులకు మరియొక విధమైన బావియు తెలియును. అది సహజవాయువు కొరకు భూమిలోనికి వేలకొలది అడుగుల లోతునకు దింపిన గొట్టపు బావి. మొదటిదానిలో మంచినీరు ఉప్పునీటిపై నిలిచియున్నది. రెండవదానిని త్రవ్వునపుడు బరువైన బురద పైనుండి వాయువును అదిమిపట్టియుండును. చూచుటకు ఈ రెండింటికిని పొత్తు లేనట్లుండును గాని, రెండింటియందును పనిచేయు నియమ మొక్కటే. ద్రవస్తంభములు ఒండొంటితో సరితూగవలెను. ఆ తూకము స్తంభముయొక్క ఎత్తుపైనను, ద్రవముయొక్క సాంద్రతపైనను ఆధారపడియుండును. దీనిని చక్కగా గ్రహించినవారికి పెరటినూతిలోని నీరు కొన్నియేండ్లకు ఏల ఉప్పనగుచున్నదో, గ్యాసుబావి త్రవ్వువారు బురదను మాటిమాటికి ఏల తూచుచుందురో తెలియగలదు.

ఈ వ్యాసమున లెక్కలు కొలదిగా నున్నవి. వానిని దాటి చదివినచో విషయము సగమే తెలియును గావున, పెద్దతరగతుల విద్యార్థులు కాగితమును పెన్సిలును దగ్గర నుంచుకొని చదువవలెనని కోరుచున్నాము.

కిరసనాయిలు నీటికంటె తేలిక యని అందరును చెప్పుదురు. కాని డబ్బాడు కిరసనాయిలు గ్లాసెడు నీటికంటె మిక్కిలి బరువు గదా! కావున తేలిక, బరువు అను మాటలకు అర్థము రావలెనన్న సమానమైన ఘనపరిమాణములను తీసికొని పోల్చవలెను. ఒక ఘనసెంటీమీటరు పదార్థమునందు ఎన్ని గ్రాముల ద్రవ్యరాశి యున్నదో అదియే దాని సాంద్రత. లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగును. లీటరు కిరసనాయిలు సుమారు 800 గ్రాములు, కొబ్బరినూనె సుమారు 920 గ్రాములు, పాలు సుమారు 1030 గ్రాములు, సముద్రపు నీరు సుమారు 1025 గ్రాములు తూగును. బైబిలునందు ఉప్పు సముద్రమని చెప్పబడిన మృతసముద్రపు నీరు లీటరు 1240 గ్రాములుండుటచేత అందు మనుష్యుడు ఈదకయే తేలును. పాదరసము లీటరు 13 కిలోల 600 గ్రాములు. వాయువులును ప్రవహించు పదార్థములే యగుటచే వానికిని సాంద్రత కలదు. అయితే లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాము మాత్రమే.

మన యిండ్లలో ప్రతి సంవత్సరమును కనబడు ఒక చిన్న విశేషమును ఇచట చెప్పుట బాగుండును. క్రిస్మసు దినములలో తెల్లవారుజామున కొబ్బరినూనె పేరుకొనును. పేరిన నూనె నీటిపై మంచువలె పైకి తేలదు, అడుగున నిలుచును. ద్రవముకంటె దాని ఘనరూపము బరువగుట లోకములో సామాన్యము. మంచుగడ్డ నీటిపై తేలుటయే వింత. మనము చిన్ననాటినుండి ఆ వింతనే పుస్తకములలో చదువుటవలన అదియే సామాన్యమని భ్రమపడుచున్నాము.

సాంద్రతను కొలుచుటకు మిక్కిలి నమ్మదగిన పరికరము సాంద్రతాకుప్పె. ఇది చిన్న గాజుకుప్పె. దాని బిరడాకు సన్నని రంధ్రముండును. కుప్పెను నిండించి బిరడా పెట్టినచో ఎక్కువైన ద్రవము ఆ రంధ్రముగుండ వెలికివచ్చి, ప్రతిసారియు సరిగా ఒకే పరిమాణము లోపల నిలుచును. ఖాళీ కుప్పె 25 గ్రాములు, నీటితో నిండినపుడు 75 గ్రాములు, సముద్రపు నీటితో నిండినపుడు 76.25 గ్రాములు తూగినదనుకొందము. నీరు 50 గ్రాములు, సముద్రపు నీరు 51.25 గ్రాములు. రెండవదానిని మొదటిదానిచే భాగించినచో 1.025 వచ్చును. కుప్పెను మెడయొద్ద పట్టుకొనవలెను గాని కడుపుభాగమున పట్టరాదు. చేతి వేడికి ద్రవము వ్యాకోచించి రంధ్రముగుండ పొంగి, లెక్క చెడును.

ఈ వేడిమి సంగతిని విద్యార్థులు సామాన్యముగా ఉపేక్షింతురు. నీటి సాంద్రత 1.000 అని పుస్తకములలో నుండునది 4 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మాత్రమే నిజము. మన గదులలో నీరు 30 డిగ్రీలుండును. అపుడు దాని సాంద్రత 0.9957. అనగా వేయింట నాలుగు వంతులకు పైగా తగ్గును. మంచినీటికిని సముద్రపు నీటికిని గల భేదమే వేయింట ఇరువదియైదు. నీడనున్న నీటితో ఎండనున్న నీటిని పోల్చినవాడు ఆ భేదములో ఆరవవంతును వట్టిపుణ్యమునకు పోగొట్టుకొనును. కావున పరీక్షించు ద్రవమును, పోల్చుటకు తీసికొను స్వచ్ఛమైన నీటిని ఒకే గదిలో కొంతసేపుంచి, ఉష్ణమాపకమును రెండింటియందును ముంచి చూచి, పిమ్మట తూచవలెను.

త్రాసు లేనిచోట హైడ్రోమీటరు ఉపయోగపడును. తేలు వస్తువు తన బరువునకు సమానమైన ద్రవమును ప్రక్కకు త్రోయునని ఆర్కిమిడీసు కనిపెట్టెను. అందువలన ఒకే వస్తువు తేలికద్రవములో ఎక్కువ లోతుగను, బరువైన ద్రవములో తక్కువ లోతుగను మునుగును. ఇది మిక్కిలి ప్రాచీనమైన పరికరము. క్రీస్తుశకము అయిదవ శతాబ్దపు ఆరంభమున సినీసియసు అను పండితుడు, బిషపు పదవినలంకరించినవాడు, అలెగ్జాండ్రియా నగరమున తన గురువైన హైపేషియా అను విదుషీమణికి జాబు వ్రాసి, గాట్లుగల గొట్టమును, దాని అడుగున నిలువుగా నుంచుటకు బరువును గల ఇట్టి పరికరమును చేయించి పంపుమని కోరెను. ఆ జాబు నేటికిని నిలిచియున్నది.

మనము స్వయముగా ఒకటి చేసికొనవచ్చును. అంతటను ఒకే లావుగల సన్నని గొట్టము నొకదానిని తీసికొని, అడుగును మైనముతో మూసి, లోపల సీసపు రవ్వలు వేసి, నీటిలో నిట్టనిలువుగా తేలునట్లు చేయవలెను. మునిగిన పొడవును ద్రవసాంద్రతచే గుణించిన లబ్ధము ఎల్లప్పుడు ఒకటే. మంచినీటిలో 20.5 సెంటీమీటర్లు మునిగినది సముద్రపు నీటిలో 20 సెంటీమీటర్లే మునుగును. భేదము అరసెంటీమీటరు. ఇంత స్వల్పభేదమును చదువుట కష్టము గనుకనే అంగడిలో దొరకు హైడ్రోమీటరునకు అడుగున బుడ్డి పెద్దదిగను, పైన కాడ సన్నముగను చేయుదురు. బరువంతయు బుడ్డి మోయును. స్వల్పభేదము సన్నని కాడపై పెద్ద దూరముగా కనబడును.

పాలసహకార సంఘములవారు వాడు లాక్టోమీటరు ఈ జాతిదే. పాలలో నీరు కలిపినచో సాంద్రత తగ్గును, లాక్టోమీటరు లోతుగా మునుగును, దొంగతనము పట్టుబడును. కాని మీగడ నీటికంటె తేలిక. మీగడ తీసివేసినచో పాల సాంద్రత పెరుగును. మీగడ తీసి, తగినంత నీరు కలిపినవాని పాలు లాక్టోమీటరునకు శుద్ధమైన పాలుగానే కనబడును! అందుచేతనే వెన్నపాలును వేరుగా పరీక్షింతురు. సాంద్రత ఒక అంకె మాత్రమే. అది ద్రవములో ఏమేమి కలిసియున్నదో చెప్పజాలదు.

రైతులకు హైడ్రోమీటరుతో పనిలేదు. విత్తనపు వడ్లను ఏరుటకు బానలో ఉప్పునీరు కలుపుచు, అందు కోడిగ్రుడ్డును వేయుదురు. గ్రుడ్డు పైకి తేలినపుడు ఉప్పు చాలినదన్నమాట. అందు వడ్లు పోసినచో తాలుగింజలు తేలును, గట్టిగింజలు మునుగును. మునిగినవానిని మంచినీట రెండు మారులు కడిగి విత్తుకొందురు. గ్రుడ్డు క్రొత్తది కావలెను. నిలువయున్న గ్రుడ్డు లోపలి తేమ ఆరి, గాలి చేరి, తేలికయై తప్పు చెప్పును. జపానులో యోకొయి అను వ్యవసాయశాస్త్రజ్ఞుడు 1882లో ఈ ఉప్పునీటి పద్ధతిని 1.13 సాంద్రతతో నిర్ణయించెను. సముద్రపు నీటిలో క్రొత్తగ్రుడ్డు మునిగియే యుండును గనుక, ఆ బానలోని నీరు సముద్రముకంటె ఎన్నియో రెట్లు ఉప్పనిదని తెలియుచున్నది.

ఇక స్తంభముల తూకమును చూతము. ఆంగ్లాక్షరమైన యు ఆకారమున వంచిన గాజుగొట్టములో కొంచెము నీరు పోసి, ఒక కొమ్ములో మెల్లగా కొబ్బరినూనె పోయవలెను. రెండును కలిసినచోటినుండి నూనె 25 సెంటీమీటర్ల ఎత్తు నిలిచినపుడు, అదే మట్టమునుండి రెండవకొమ్ములోని నీరు 23 సెంటీమీటర్లు నిలుచును. 23ను 25చే భాగించిన 0.92. త్రాసు లేదు, తూనికరాళ్లు లేవు, గొట్టపు లావుతో పనిలేదు. కొలబద్ద యొకటి చాలును. మాకు సాంద్రతను బోధించు ప్రయోగములన్నిటిలో ఇదియే ప్రియమైనది. మంచినీరు, ఉప్పునీరు వంటి కలిసిపోవు ద్రవములకు రెండు నిలువుగొట్టములను పైన కలిపి, అడుగుకొనలను రెండు వేరు గిన్నెలలో ముంచి, పైనుండి కొంత గాలిని పీల్చి బిగించవలెను. ద్రవములు ఒండొంటిని తాకకయే తమతమ సాంద్రతనుబట్టి ఎక్కును. సముద్రపు నీరు 40 సెంటీమీటర్లు ఎక్కినపుడు మంచినీరు 41 సెంటీమీటర్లు ఎక్కును. 40ని 1.025చే గుణించి చూడుడు. సరిగా 41 వచ్చును.

ఈ 40, 41 అను అంకెలను జ్ఞాపకముంచుకొనుడు. కోనసీమ త్రాగునీరు వీనిమీదనే నిలిచియున్నది.

మన ఇసుకమెరకలలో కొలదిలోతున త్రవ్విన నూతిలో మంచినీరు పడును. ఆ చోటనే లోతుగా బోరు దింపినచో పెక్కుచోట్ల ఉప్పునీరు తగులును. లోతుకు పోయినకొలది మంచినీరు దొరకునని మెట్టసీమవారు తలచునది ఇచట తలక్రిందులగుచున్నది. కారణమేమి? సముద్రమును, మన తోటక్రింది ఇసుకను ఆ యు గొట్టపు రెండు కొమ్ములుగా భావింపుడు. ఇసుకరేణువుల నడిమి సందులే గొట్టము. ఒక కొమ్ములో సముద్రపు నీరు, రెండవదానిలో వానలవలనను కాలువలవలనను ఇంకిన మంచినీరు ఉన్నవి. సముద్రమట్టమునకు 40 అడుగుల క్రింద, సముద్రపు కొమ్ములో 40 అడుగుల ఉప్పునీరు ఒత్తుచున్నది. దానికి సరితూగుటకు మనవైపున 41 అడుగుల మంచినీరు కావలెను. అందు 40 అడుగులు సముద్రమట్టమునకు దిగువను, ఒక అడుగు ఎగువను ఉండును. అనగా నూతిలోని నీటిమట్టము సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున నున్నచో, దానిక్రింద సుమారు 40 అడుగుల లోతువరకు మంచినీరు ఉప్పునీటిపై తేలియుండును. హాలండు దేశీయుడైన బాడన్ గైబెను 1888లోను, జర్మను దేశీయుడైన హెర్జుబెర్గు 1901లోను సముద్రతీరపు ఇసుకదిబ్బలను పరిశీలించి, ఒకరితో నొకరికి సంబంధము లేకయే ఈ నియమమును ప్రకటించిరి.

లాభమును చెప్పు లెక్కయే నష్టమును చెప్పును. పంపు పెట్టి తోడి, ఆ ప్రాంతపు నీటిమట్టమును శాశ్వతముగా అర అడుగు దింపినచో, క్రిందినుండి ఉప్పునీరు 20 అడుగులు పైకి లేచును. ఇది ఒక దినమున జరుగదు. ఇసుకలో నీరు మెల్లగా కదలుటచేత నెలలు, ఒక్కొక్కచోట సంవత్సరములు పట్టును. తోడినవానికి అపుడు ఏమియు తెలియదు. తెలిసినపుడు తోడుట మానినను నీరు వెంటనే మరల తీపి కాదు. నేలలో ఉప్పునీటికి మంచినీటికి నడుమ గీత గీచినట్లు హద్దుండదనియు, రెండును కలిసిన పొర యొకటి యుండుననియు, జిగటమట్టి పొరలు అడ్డువచ్చిన చోట లెక్క మారుననియు ఒప్పుకొనవలెను. కొన్ని వేల సంవత్సరముల క్రిందట ఈ నేల సముద్రతీరమై యున్నపుడు చిక్కుకొనిన పురాతనపు ఉప్పునీరును కొన్నిపొరలలో కలదు. అయినను ఒకటికి నలువది అను నిష్పత్తి మొత్తముమీద మనకు మంచి హెచ్చరిక.

ఇందువలన కొన్ని సంగతులు తేటపడుచున్నవి. ఒకేచోట లోతైన బోరునుండి బలముగా తోడుటకంటె, విశాలమైన నిస్సారపు నూతులు పలుచోట్ల త్రవ్వుకొని కొంచెము కొంచెముగా తోడుట మేలు. మన పూర్వులు నూతిని లోతుచేయక వెడల్పుచేయుట తెలివితక్కువ కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట కాలువలలో పారిన నీరు పొలములనే గాక ఈ క్రిందిపొరను సైతము నింపుచు వచ్చినది. నేడు ఆ ఆనకట్ట స్థానమున ఆర్థర్ కాటను బరాజు నిలిచియున్నది. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు నూతులమట్టము దిగుటను ప్రతి గృహిణియు ఎరుగును.

రొయ్యలచెరువుల సంగతి చెప్పక తప్పదు. వానివలన ఎన్నియో కుటుంబములు జీవించుచున్నవి. ఆ వృత్తిని నిందించుట మా అభిప్రాయము కాదు. కాని ఇసుకమెరకపై చెరువు త్రవ్వి అందు ఉప్పునీరు నిలిపినచో ఏమగునో సాంద్రత చెప్పుచున్నది. బరువైన ద్రవము తేలికద్రవముపై నిలువదు. అది వ్రేళ్లవలె పాయలుపాయలుగా మంచినీటి పొరలోనికి దిగును. క్రిందినుండి ఉప్పు లేచుటకు ఏండ్లు పట్టగా, పైనుండి దిగుటకు అంతకాలము పట్టదు. గాజుపాత్రలో మంచినీరు పోసి, రంగు కలిపిన ఉప్పునీటిని పైనుండి మెల్లగా విడిచినచో ఈ వ్రేళ్లను తరగతిలోనే కన్నులార చూడవచ్చును. చెరువు ఎచట త్రవ్వవలెనను ప్రశ్నకు ఆ గాజుపాత్ర కొంత సమాధానము చెప్పునని మా నమ్మకము.

అయితే నూతినీటిని హైడ్రోమీటరుతో పరీక్షించి, మంచిది కాదని తేల్చవచ్చునా? తేల్చజాలము. త్రాగునీటిలో కరగియున్న లవణములు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించరాదనియు, వేరు ఆధారము లేనిచోట 2000 వరకు ఓర్చుకొనవచ్చుననియు భారతీయ ప్రమాణము. లీటరునకు రెండు గ్రాముల ఉప్పు సాంద్రతను 1.000 నుండి సుమారు 1.0015కు మాత్రమే పెంచును. మన పరికరము దానిని చూడలేదు; నాలుక ముందుగా కనిపెట్టును. అట్టి పరీక్షకు నీటిగుండ విద్యుత్తు ఎంత సులభముగా ప్రవహించునో కొలుచు పరికరమును వాడుదురు.

నదియందు మాత్రము హైడ్రోమీటరు చక్కగా పనిచేయును, ఏలయనగా అచట భేదము పెద్దది. వైనతేయ పాయ అప్పనపల్లి గుడి ప్రక్కగా పారి సముద్రమున కలియుచున్నది. వరదకాలమున అది మంచినీటి నది. వేసవిలో ఎగువనుండి వచ్చు నీరు తగ్గినపుడు పోటువెంట సముద్రపు నీరు పాయలోనికి ఎక్కును. బరువైనది గావున అది అడుగుపట్టి, కత్తిమొనవలె మంచినీటి క్రిందుగా దూరుకొని వచ్చును. రేవులో పైనీరు పుక్కిలించి ఉప్పు లేదనువాడును, అడుగున ఉప్పుండుననువాడును ఇద్దరును సత్యమే చెప్పుచుండవచ్చును. దీనిని పరీక్షించు ఉపాయము సులభము. బరువు కట్టిన సీసాకు బిరడా బిగించి, సీసాకొక త్రాడు, బిరడాకొక త్రాడు కట్టి, పడవనుండి కోరినలోతునకు దింపి, బిరడా త్రాటిని చటుక్కున లాగవలెను. ఆ లోతునందలి నీరే సీసాలో నిండును. పోటున, పాటున, పైభాగమున, నడుమ, అడుగున ఇట్లు నీరు తీసి, నీడలో ఉష్ణము సమానమైన పిమ్మట సాంద్రత చూచి, తేదీతోను చంద్రుని తిథితోను పుస్తకమున వ్రాసికొనవలెను. ఈ పనికి ఉపాధ్యాయుడును, నది నెరిగిన పడవవాడును వెంటలేక విద్యార్థులు పోరాదు.

ఇప్పుడు రెండవవిధపు బావియొద్దకు పోవుదము. పది మీటర్ల ఎత్తుగల నీటిస్తంభము అడుగున చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలోగ్రాము ఒత్తిడి కలిగించును. కావున 3000 మీటర్ల లోతుగల బావిని నీటితో నింపినచో అడుగున 300 కిలోగ్రాముల ఒత్తిడి యుండును. రాతిపొరలోని వాయువు అంతకంటె తక్కువగా ఒత్తినచో నీరే దానిని ఆపును. కాని కృష్ణా గోదావరీ తీరపు లోతుపొరలలో కొన్నిచోట్ల వాయువు నీటిస్తంభమును మించిన బలముతో నుండును. ఉదాహరణకు అది 390 కిలోగ్రాములనుకొందము. అపుడు బావిలోని ద్రవమునకు కనీసము 390ని 300చే భాగించిన 1.30 సాంద్రత కావలెను. అందుకై నీటిలో మెత్తని బంకమట్టిని, ముగ్గురాయి పొడిని కలిపి బురద చేయుదురు. ముగ్గురాతి సాంద్రత సుమారు 4.2. కడప సీమలోని మంగంపేటలో దొరకు ముగ్గురాయి నిక్షేపము ప్రపంచమున మిక్కిలి పెద్దవానిలో నొకటి; ఆ రాయి దేశదేశముల గ్యాసుబావులకు పోవుచున్నది. 1.05 సాంద్రతగల లీటరు బురదను 1.30 చేయుటకు ఎంత పొడి కావలెనో విద్యార్థులు కట్టి చూడవచ్చును. పొడియొక్క ఘనపరిమాణముకూడ మొత్తములో చేరునని మరచినవారికి తప్పు వచ్చును. సరియైన సమాధానము సుమారు 362 గ్రాములు.

బురదను ఎంత బరువు చేసిన అంత క్షేమమని తలపరాదు. బరువు హద్దుమీరినచో రాతిపొర పగిలి బురద అందులోనికి జారిపోవును. అంతట బావిలోని స్తంభము పొట్టిదగును, ఒత్తిడి తగ్గును, ఏ వాయువును ఆపవలెనని బరువు కలిపితిమో అదియే లోనికి వచ్చును. త్రవ్వువాడు ఈ రెండు హద్దుల నడుమ నడువవలెను. వాయువు లోనికి వచ్చినపుడు బాయిలు సూత్రము పని ప్రారంభించును. మూడువేల మీటర్ల లోతున పిడికెడున్న బుడగ పైకి వచ్చునప్పటికి వందలరెట్లు ఉబ్బును. ఉబ్బినకొలది బురద నురుగువలె తేలికయగును; తేలికయైనకొలది మరింత వాయువు ప్రవేశించును. ఆరంభమున గుర్తించినచో మూతకవాటములు బిగించి, బరువైన బురద పంపి అణచవచ్చును. ఆలస్యమైనచో మనుష్యుని చేతినుండి దాటిపోవును.

కావుననే లోనికి పంపు బురదను, తిరిగివచ్చు బురదను మాటిమాటికి తూచి పోల్చుచుందురు. చిక్కని బురదలో హైడ్రోమీటరు నిలిచిపోవును గనుక ఇచట వేరొక త్రాసు వాడుదురు. ఒక దండమునకు ఒక కొనయందు మూతగల చిన్న గిన్నె, రెండవవైపు గీతలపై జరుపు బరువు ఉండును. గిన్నెనిండ బురద పోసి, మూతయందలి రంధ్రముగుండ ఎక్కువైనది పొంగునట్లు మూసి, పైన అంటినది కడిగి, దండము సమముగా నిలుచువరకు బరువును జరిపి అంకె చదువుదురు. మన సాంద్రతాకుప్పె బిరడాలోని రంధ్రమే ఇచట గిన్నెమూతలో నున్నది.

1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి చెంత చమురు, సహజవాయు సంస్థవారి బావిలో వాయువు అదుపుతప్పి పైకెగసి అంటుకొనెను. పరిసరగ్రామముల జనులు ఇండ్లు విడిచిపోవలసివచ్చెను. ఆ మంట 65 దినములు మండి మార్చి 15న ఆరెను. దానిని చూచిన పెద్దలు ఇప్పటికిని రాత్రివేళ వెలుతురును, నిరంతరపు హోరును చెప్పుచుందురు. ఇట్టి బావిని మంట ఆర్పినంతమాత్రమున శాంతింపజేసినట్లు కాదు. పైన క్రొత్త కవాటములు బిగించి, లోపలిస్తంభము వాయువుయొక్క బలముతో సరితూగువరకు బరువైన ద్రవమును ఎక్కించవలెను. ఆ పనిని త్రవ్వువారు బావిని చంపుట యందురు.

వాయువు నేలపైకి వచ్చిన పిమ్మటను దాని సాంద్రతను విచారింపవలసియున్నది. సహజవాయువులో ముఖ్యమైన మీథేను గాలిలో సగముకంటె కొంచెము మాత్రమే ఎక్కువ బరువుగలది. అది పైకి పోవును. మన వంటయింటి సిలిండరులోని వాయువు గాలికంటె ఒకటిన్నర నుండి రెండురెట్లు బరువు. అది నేలను అంటుకొని గడపల క్రిందను, కాలువలలోను ప్రాకును. కావున సిలిండరు వాసన వచ్చినపుడు పైకిటికీ మాత్రము తెరచుట చాలదు, నేలమట్టమున నున్న తలుపులు తెరవవలెను. విద్యుద్దీపపు మీటను వేయరాదు, తీయరాదు. అట్లని గొట్టపుమార్గముల వాయువు తేలికది గదా యని ధైర్యము పూనరాదు. అధికమైన ఒత్తిడినుండి వెలువడు వాయువు వ్యాకోచించి చల్లబడును, చల్లబడినది బరువగును. అందు ఇంధనపు ఆవిరులు కలిసియున్నచో మరింత బరువై పొగమంచువలె నేలపై పరచుకొనగలదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున మన సమీపపు నగరము గ్రామమున గొట్టము పగిలి వెలువడిన వాయువు అంటుకొని ఇరువదిమందికి పైగా మరణించిరి. వాసనగాని, తెల్లని ఆవిరిగాని కనబడినపుడు పొయ్యి వెలిగింపక, బండి నడుపక, గాలి వీచు దిక్కునకు అడ్డముగానో, గాలి వచ్చు వైపునకో నడిచి దూరముగా పోవలెను. పల్లములోనికి మాత్రము దిగరాదు.